పైకప్పు లేని ప్రయోగశాల

హైడ్రోజన్ ప్రయోగమంటే గాజు కుప్పె, జింకు ముక్కలు, ఆమ్లం గుర్తొస్తాయి. హైదరాబాదులో 1969 నుంచి టాటా మౌలిక పరిశోధనా సంస్థ నడుపుతున్న బెలూన్ కేంద్రంలో మాత్రం ఆ పని ఆరుబయటే. అక్కడి హైడ్రోజన్ నింపిన పలుచని పాలిథీన్ బెలూన్లు పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు మోస్తాయి. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అయితే గాలికన్నా 14 రెట్లు తేలిక. గదిలో పైకప్పు కింద పోగయ్యే వాయువే బయట నిలవకుండా పోతుంది. దాన్ని బంధించడంకన్నా పైకి దారి వదలడమే అసలు భద్రత. పని ముగిశాక రేడియో ఆదేశంతో పరికరాలను విడదీస్తారు, అవి పారాచూట్‌తో దిగుతాయి, చిరిగిన బెలూన్‌లోని వాయువు ఆకాశంలోనే చెదిరిపోతుంది.

అంటుకోని హీలియం వాడొచ్చు కదా అంటారు. అది ఖరీదైనది, దిగుమతి సరుకు. 1937లో 36 మందిని బలిగొన్న హైడ్రోజన్ వాయునౌక హిండెన్‌బర్గ్‌ను గుర్తుచేస్తారు. అందులో మనుషులున్నారు, ఈ బెలూన్లలో ఎవరూ ఉండరు. హైడ్రోజన్ ముప్పంతా నింపేటప్పుడు, సిబ్బందికే. ఊళ్లకు మిగిలే ముప్పు, దిగినవాటిని తెలియక ముట్టుకోవడం. 1783లో పారిస్ దగ్గరి గొనెస్‌లో దిగిన తొలి హైడ్రోజన్ బెలూన్‌ను రైతులు భయంతో చీల్చేశారు. హైదరాబాదు కేంద్రం పత్రికా ప్రకటనలు పరికరాలు దిగే అవకాశమున్న చోట్లలో ఆదిలాబాద్ ప్రాంతాన్నీ పేర్కొంటాయి: పరికరాల్లో అధిక వోల్టేజి ఉండొచ్చు, తాకకండి, పోలీసులకు చెప్పండి అని. ఆ ప్రాంతంలో గోండులున్న జైనూర్ వంటి చోట్లకు ఆ మాట గోండిలోనూ చేరాలి.