ఆడేదెవరు, ఆడించేదెవరు? - మట్టిబొమ్మ నుంచి మరమనిషి దాకా

ధర్మపురి ప్రాంతపు తెలుగు విద్యార్థులను "మరబొమ్మ అంటే ఏమిటి?" అని అడిగితే మాకు తరచుగా వచ్చే జవాబు "కొయ్యబొమ్మ" అని. తమిళం చదువుకున్న చెవికి అది సహజం. తమిళంలో మరం అంటే చెట్టు, కొయ్య. దానికి తెలుగులో చుట్టం మ్రాను. తెలుగు మర వేరు. పిండిమరలో ఉన్నది ఆ మర, అంటే యంత్రం. రోబోకు మరమనిషి అని పేరు పెట్టినప్పుడు మన పత్రికలవారు తీసుకున్నది కూడా ఈ మాటనే.

నేడు పలు దేశాల్లో ఆధునిక నృత్యకారులు మరమనిషితో కలిసి రంగస్థలం మీద ఆడుతున్నారు. ఇది మునుపెన్నడూ లేని విద్య అని చెప్పటం పరిపాటి అయింది. యంత్రం కొత్తదే, సందేహం లేదు. అయితే మనిషీ బొమ్మా కలిసి ఆడిన చరిత్ర చాలా పాతది. ఆ చరిత్రలో మన ప్రాంతపు కళాకారుల స్థానమేమిటో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా ఒక క్రియను గమనించాలి. తెలుగులో పిల్లలు ఆడతారు, నర్తకి ఆడుతుంది, గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. భయం వేస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. తమిళంలోనూ ఆట్టం అంటే నృత్యం. దాని ప్రేరణ రూపం ఆట్టు. రుబ్బురోలును ఆట్టుక్కల్ అంటారు. తెలుగులో ఆ ప్రేరణ రూపం ఆడించు: పిండి ఆడిస్తాం, బొమ్మను ఆడిస్తాం. అంటే నర్తకికీ యంత్రానికీ ఈ రెండు భాషలూ ఒకే క్రియను ఇచ్చాయి. అవి అడిగే ప్రశ్న మరొకటి: ఆడేదెవరు, ఆడించేదెవరు?

ఈ ప్రశ్నతో మన చుట్టూ చూద్దాం. ధర్మపురి చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళలో భారత ఉత్సవం చివర పడుకళం జరుగుతుంది. చిత్తూరు ప్రాంతపు ధర్మరాజుల గుళ్ళలో దుర్యోధన వధ పేరుతో జరిగేదీ ఇదే. నేలమీద దుర్యోధనుడి భారీ మట్టిబొమ్మను పడుకోబెడతారు. తెరుక్కూత్తు వేషగాళ్ళు దాని చుట్టూ, దాని మీదా ఆడతారు. చివరకు భీముడు దాని తొడ మీద కొడతాడు. బొమ్మ కదలదు. కదలికంతా మనిషిదే. అయినా చూసేవారికి పడిపోయినవాడు దుర్యోధనుడే.

తోలుబొమ్మలాటలో బొమ్మకు కీళ్ళు వచ్చాయి. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటను పేర్కొన్నాడు కనుక అప్పటికే ఇది జనానికి తెలిసిన కళ. ఆంధ్ర తోలుబొమ్మలకు నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్ళ దగ్గర కదలిక ఉంటుంది. నర్తకి బొమ్మకు కీళ్ళు మరిన్ని. ఇంకొక విశేషం ఉంది. తెర వెనుక ఆడించేవాడు ఊరికే నిలబడడు. కాళ్ళకు గజ్జెలు కట్టి, యుద్ధఘట్టాల్లో కాలికింది చెక్కలను తొక్కుతూ తానూ ఆడతాడు. బొమ్మ నడక అతని పాదం నుంచే పుడుతుంది. ఈ కళాకారుల్లో పలువురికి ఇంటి భాష మరాఠీ యాస. తెర వెనుక పాడేది మాత్రం తెలుగు. ఇంట్లో ఒక భాష, బయట మరొక భాషగా పెరుగుతున్న మన విద్యార్థులకు ఇది అర్థం కాని సంగతి కాదు.

తమిళనాడు బొమ్మలాట్టంలో ఈ సంబంధం మరింత స్పష్టం. ఇక్కడ కొయ్యబొమ్మ నాలుగున్నర అడుగుల ఎత్తు, పది కిలోల బరువు దాకా ఉంటుంది. దాని దారాలను ఒక ఇనుపకడియానికి కట్టి, ఆ కడియాన్ని ఆడించేవాడు కిరీటంలా తలకు పెట్టుకుంటాడు. బొమ్మ చేతులను కడ్డీలతో ఆడిస్తాడు. అతను తల వంచితే బొమ్మ కదులుతుంది, అడుగు వేస్తే బొమ్మ సాగుతుంది. నర్తకుడి ఒంటికి గ్రాహకాలు తగిలించి ఆ కదలికను యంత్రానికి అందించే పద్ధతి నేడు ఉంది. దారం పోయి విద్యుత్ సంకేతం వచ్చింది, సూత్రం మారలేదు.

తనంతట తాను ఆడే బొమ్మ అనే ఊహ కూడా మనకు పాతదే. 11వ శతాబ్దంలో భోజరాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారంలో నాట్యమాడే కొయ్యబొమ్మల ప్రస్తావన ఉంది. వాటి నిర్మాణాన్ని తెలియక కాదు, రహస్యం కాపాడటానికే పూర్తిగా చెప్పటం లేదని ఆ గ్రంథమే అంటుంది. వి. రాఘవన్ 1952లో ఈ యంత్రాల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించారు.

ఇక రోబో అనే మాట. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ఆర్.యు.ఆర్. నాటకం దానికి పుట్టినిల్లు. మాటను సూచించినవాడు అతని అన్న జోసెఫ్. చెక్ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరి. వెట్టి పేరుతో రంగస్థలం మీద పుట్టిన ఈ పాత్ర మళ్ళీ రంగస్థలానికి ఆటకోసం వచ్చింది. ఫ్రాన్స్‌లో బ్లాంకా లీ 2013లో రోబో అనే ప్రదర్శనలో రెండడుగులకు కాస్త తక్కువ ఎత్తున్న నావో మరమనుషులను నర్తకులతో ఆడించారు. తైవాన్ నర్తకుడు హువాంగ్ యి కర్మాగారాల్లో వాడే కూకా యంత్రహస్తంతో కలిసి ఆడాడు. ఆ యంత్రానికి ముఖం లేదు, కాళ్ళు లేవు. దాని ప్రతి కదలికనూ అతనే ముందుగా ప్రోగ్రాముగా రాసుకున్నాడు.

అసలు తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. బొమ్మలాట్టంలో ఆడించటం, ఆడటం ఒకే క్షణంలో జరుగుతాయి. గాయకుడు చరణాన్ని మరోసారి అందుకుంటే బొమ్మ కూడా ఆగి అందుకుంటుంది. ముందే రాసిపెట్టిన యంత్రం ఆగదు. నర్తకుడే దాని కాలానికి లోబడాలి. చోటు తప్పితే దెబ్బ తగులుతుంది. ఆడించినవాడు నిన్నటివాడు, ఆడేవాడు నేటివాడు. వారిద్దరూ ఒకే మనిషి కావటం హువాంగ్ యి ప్రదర్శనలోని విశేషం. నర్తకుణ్ణి గమనించి అప్పటికప్పుడు స్పందించే యంత్రాలను తయారుచేసేవారు నిజానికి బొమ్మలాట్టగాడి తలకడియం దగ్గరకే తిరిగి వస్తున్నారు.

యంత్రవిద్యలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు. చిత్తూరు సీమలోని కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ సంస్థను నెలకొల్పి దానికి తొలి సంచాలకులయ్యారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. ఆయన పేరు మన విద్యార్థులకు తెలుసు. తెర వెనుక మనిషి పేరు మాత్రం తెలియదు.

ఆ మనిషి పరిస్థితి ఏమిటి? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మలాటకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కాని అక్కడి కుటుంబాలు పలువురు బతుకుతెరువు కోసం తోలుతో దీపాలకు తొడుగులు చేస్తున్నారు. తోలు ఉంది, రంగు ఉంది, వెనుక వెలుగు కూడా ఉంది. ఆట లేదు.

అందుకే ఈ చరిత్రను సరిగా రాసుకోవటం అవసరం. మరమనిషి నృత్యాన్ని నిన్న మొన్న పుట్టినదిగా రాస్తే, పది కిలోల బొమ్మను తలతో ఆడించిన మనిషి జానపద కళల జాబితాలో ఒక పంక్తిగా మిగిలిపోతాడు. అతనికి తెలిసినది బరువు, తూకం, కీలు, కాలం. ఇంజనీరు కూడా నేర్చుకోవలసినవి అవే. మీ ఊరి జాతరలో పడుకళం జరిగితే, ఎక్కడైనా ఇంకా బొమ్మలాట ఆడితే, ఆట అయ్యాక తెర వెనుకకు వెళ్ళండి. బొమ్మ పేరు అందరూ అడుగుతారు. ఆడించినవారి పేరు మీరు అడిగి రాసుకోండి.