ఏటిగట్టు కాలేజీ నుంచి ప్రెసిడెంటు కుర్చీకి

కుప్పం నుంచి ఒక పక్కకు పోతే తమిళనాడు, ఇంకో పక్కకు పోతే కర్ణాటక. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం కొసనున్న బ్రౌన్స్‌విల్‌లో ఏరు దాటితే దేశమే మారిపోతుంది. రియో గ్రాండే నదికి అవతల మెక్సికో. ఆ ఊళ్లో పుట్టిన జూలియట్ గార్సియా 1986లో అక్కడి టెక్సస్ సౌత్‌మోస్ట్ కాలేజీకి ప్రెసిడెంటు అయ్యారు. మెక్సికన్ మూలాలున్న మహిళ అమెరికాలో ఒక కాలేజీకి అధిపతి కావడం అదే మొదటిసారి.

అప్పటికి ఆ దేశంలో ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కి నూటయాభై ఏళ్లు కావస్తోంది. ఒహాయోలోని ఒబర్లిన్ 1837లోనే నలుగురిని చేర్చుకుంది. అయితే చదువు చెప్పించుకోవడం వేరు, పెత్తనం చేతికి రావడం వేరు. కేంద్రం సొమ్ముతో నడిచే విద్యాసంస్థలు ఆడామగా తేడా చూపకూడదన్న చట్టం 1972లో గానీ రాలేదు. పేద విద్యార్థులకు ఇప్పుడు పెల్ గ్రాంటు పేరుతో అందుతున్న సాయానికీ ఆ ఏడాదే పునాది పడింది. విద్యార్థుల్లో కనీసం నాలుగోవంతు లాటిన్ అమెరికా మూలాలవాళ్లున్న కాలేజీలకు 1992లో చట్టం ప్రత్యేక గుర్తింపునిచ్చింది.

గార్సియా ఆ తర్వాత బ్రౌన్స్‌విల్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంటుగా ఉన్నారు. 2007లో సరిహద్దు కంచె కోసం కేంద్ర అధికారులు క్యాంపస్‌లోకి వస్తామన్నారు. కంచె కడితే క్యాంపస్‌లో కొంత భాగం దానికి అవతల పడిపోతుంది. అందుకు అనుమతిచ్చే పత్రం మీద ఆమె సంతకం పెట్టనన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి 2008లో, క్యాంపస్‌కు అప్పటికే ఉన్న కంచెనే ఎత్తు పెంచుకునేలా రాజీ కుదిరింది.

ఇలా పైకొచ్చిన మిగతా లాటినాల, అంటే లాటిన్ అమెరికా మూలాల మహిళల, దారులు ఒక్కటి కావు. హవానాలో పుట్టిన ఆనా మారీ కౌసీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ పాఠాలు చెబుతూ డీన్, ప్రొవోస్ట్ పదవుల మీదుగా 2015లో అక్కడే ప్రెసిడెంటు అయ్యారు. మిల్డ్రెడ్ గార్సియా తల్లిదండ్రులు ప్యూర్టో రికో నుంచి బ్రూక్లిన్ వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేశారు. ఆమె రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదువు మొదలుపెట్టి, 2023లో 23 క్యాంపస్‌ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థకు చాన్సలర్ అయ్యారు.

తెలుగువాళ్లలో పేరు వినబడేది నీలి బెండపూడిది. విశాఖపట్నంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేసి అమెరికా వెళ్లారు. కాన్సస్‌లో డాక్టరేటు, తర్వాత అక్కడే డీన్, ప్రొవోస్ట్. 2018లో లూయీవిల్, 2022లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాలకు ప్రెసిడెంటు అయ్యారు. ఆమెకు మొదటి రెండు డిగ్రీలు పుట్టిన ఊళ్లోనే దొరికాయి. లాటినాలకు ఆ తొలి మెట్టు కట్టింది ఊరి కాలేజీలు, గ్రాంట్లు.

మన వైపు ఆ మెట్టు లేకపోలేదు. మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో పెట్టించిన బి.టి. కాలేజీ ఉంది, కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పుంగనూరు అమ్మాయి పొద్దున బస్సెక్కి మదనపల్లెలో డిగ్రీ చదివి సాయంత్రానికి ఇల్లు చేరగలదు. అక్కడినుంచి లెక్చరరు, శాఖాధిపతి, డీన్ పదవుల దాకా ఆమెను ఎవరు పిలుస్తారన్నది ఇంకా మిగిలిన లెక్క.