ఫుల్ ప్లేటు నుంచి ఫుల్ ఫ్రేము దాకా

ఈ ప్రత్యేక సంచికకు డీఏ బకాయిలు, మోకాళ్ల నొప్పులు కాకుండా ఇంకేదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ఆ రెండూ తీసేస్తే నాకు మిగిలింది కెమెరా ఒక్కటే. మన సభ్యుల్లో పదిమందికి పైగా ఈమధ్య పిల్లలు కొనిచ్చిన డిజిటల్ కెమెరాలు మెడలో వేసుకుని తెల్లవారుజామున శామీర్‌పేట పెద్దచెరువు గట్టుమీద కనబడుతున్నారు. రెండు మూడేళ్లు చెయ్యి తిరిగాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “ఫుల్ ఫ్రేముకు మారాలంటారా?” లక్ష పైమాటయ్యే వ్యవహారం. అందుచేత ముందు ఈ ‘ఫుల్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మంచిది.

మన ప్రాంతంలో ఈ కళకు పెద్దపేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ కూడా మనలాంటి సర్కారు ఉద్యోగే. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి, అంచనాలు వేస్తూ నక్షాలు గీస్తూ ఉండేవారు. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టారు. సరదా ముదిరింది. చివరకు రెండేళ్లు ఫర్లో సెలవు పెట్టి ఊళ్లు తిరిగి, ఆ తర్వాత నౌకరీయే వదిలేశారు. ఫర్లో అంటే ఏమిటో మన పిల్లలకు తెలియకపోవచ్చు గాని మనకు తెలుసు! ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా నియమించుకున్నారు. 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపించారు. అందులో ఫొటోలు తీసేది కూడా ఒక ఆంగ్ల మహిళే. 1894లో నిజాం ‘రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చారు. 1905లో కాలం చేశారు.

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఫొటో అంటే గాజుపలక. దానిమీద కలోడియన్ మందు పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. అంటే కెమెరాతోపాటు గుడారం, సీసాలు, నీళ్లు, కూలీలు, ఎడ్లబండి అన్నీ కదలాలి. పొడి పలకలు వచ్చాక గుడారం బాధ తప్పింది గాని గాజు బరువు తప్పలేదు. అంత పెద్ద పలకలు ఎందుకంటే, అప్పట్లో సాధారణంగా పలకను కాగితానికి ఆనించి ఎండలో ముద్రించేవారు. పలక ఎంత ఉంటే బొమ్మ అంతే. అందులో 8½ × 6½ అంగుళాలది ‘ఫుల్ ప్లేటు’. దాని తర్వాత హాఫ్ ప్లేటు, క్వార్టర్ ప్లేటు. మన చిన్నతనంలో స్టూడియో ఆయన “ఫుల్లా, హాఫా?” అని అడిగేవాడే, ఆ మాటల మూలం ఇదే. దీన్‌దయాళ్ అంతకన్నా పెద్ద పలకలు కూడా వాడారు. ఆయనవి 2,857 గాజు నెగెటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఈ బరువును దించినవాడు ఆస్కార్ బార్నాక్ అనే జర్మన్ మెకానిక్. ఆయనకు ఉబ్బసం. ప్లేటు కెమెరా మోసుకుని కొండలెక్కలేకపోయేవాడు. (ఉబ్బసం వల్ల లోకానికి జరిగిన ఉపకారం బహుశా ఇదొక్కటే.) సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మును తీసుకుని, సినిమా ఫ్రేము 24 × 18 అయితే దాన్ని రెండింతలు చేసి 36 × 24 మిల్లీమీటర్ల బొమ్మ వచ్చేటట్టు చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో అది జనంలోకి వచ్చింది. పెద్ద ఫొటోగ్రాఫర్లు దాన్ని ‘మినియేచర్’ అన్నారు, అంటే బుల్లిది. ఇప్పుడు మనం ‘ఫుల్’ అని గౌరవంగా పిలుస్తున్నది సరిగ్గా ఆ బుల్లిదాన్నే!

మనలో చాలామంది అక్షరాభ్యాసం బరోడాలో తయారైన ఆగ్‌ఫా క్లిక్ 3తో జరిగింది. 120 ఫిల్ము, పన్నెండు ఫొటోలు, ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. దాని నెగెటివు ఇంచుమించు 56 మిల్లీమీటర్ల చదరం. లెక్కవేసి చూడండి: 3,136 చదరపు మిల్లీమీటర్లు. నేటి ఫుల్ ఫ్రేము 864. అంటే మూడున్నర రెట్లకు పైచిలుకు. క్లిక్ 3 లెన్సు సామాన్యమైనదే అయినా, మేడ్చల్‌లో ద్రాక్ష పందిరి కింద నేను తీసిన ఒక నెగెటివును ఈమధ్య పెద్దది చేయిస్తే అనాబ్‌షాహీ గుత్తులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు వచ్చాయి. ఆ పందిళ్లున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి.

డిజిటల్ కాలానికి వస్తే, ఫిల్ము స్థానంలో సెన్సరు కూర్చుంది. సిలికాన్ పలక ఎంత పెద్దదైతే అంత ఖరీదు. ఎందుకంటే ఒక బిళ్లలో తక్కువ ముక్కలు వస్తాయి, ఒక్క లోపం ఉన్నా పెద్ద ముక్కంతా పారేయాలి. అందుకని మొదట్లో సామాన్యులకు దాదాపు 23.5 × 15.6 మిల్లీమీటర్ల సెన్సర్లే ఇచ్చారు. 2002లో కేనన్ 1డీఎస్ 36 × 24 సెన్సరుతో వచ్చినా అది వృత్తిదారులకే అందింది. 2005లో కేనన్ 5డీ, 2007లో నికాన్ డీ3, 2013లో అద్దం లేని సోనీ ఏ7 వచ్చాయి. అలా 864 చదరపు మిల్లీమీటర్లు క్రమంగా దిగివచ్చి మన గ్రాట్యుటీ దరిదాపుల్లోకి చేరాయి.

మరి మారాలా? పక్షులకోసమైతే అక్కర్లేదనే నా అభిప్రాయం. శామీర్‌పేట చెరువులో లకుముకిపిట్ట మనకోసం దగ్గరికి రాదు. చిన్న సెన్సరు మీద 300 లెన్సు 450 లాగా పనిచేస్తుంది. అదే దృశ్యం ఫుల్ ఫ్రేములో కావాలంటే ఇంకా పొడుగు లెన్సు కావాలి, దాన్ని మోయడానికి మనవడు కావాలి. పాత చిన్న లెన్సులు కొత్తదానికి బిగిస్తే ఫ్రేము మధ్యభాగమే పనికొస్తుంది. కాబట్టి ఖర్చు కెమెరాతో ఆగదు. మరొక మాట. చెరువుకు వెళ్లే దారిలో హకీంపేట విమానదళ కేంద్రముంది. అక్కడ కెమెరా సంచిలోనే ఉండాలి.

తక్కువ వెలుతురులో మాత్రం తేడా స్పష్టం. సెన్సరు వైశాల్యం రెండింతలకు పైగా ఉండడంవల్ల అంత వెలుగు ఎక్కువ పడుతుంది, బొమ్మలో గరుకు తగ్గుతుంది. నేను కిందటేడు పాతదొకటి, 50 మిల్లీమీటర్ల లెన్సుతో కొన్నది ఇందుకే. పక్షులకు పాత కెమెరాయే ఉంది.

కారణం మన సభ్యులే. పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫొటో అంటించాం గుర్తుందా? కొందరి ఇళ్లలో దంపతులిద్దరూ కలిసి ఉన్న ఫొటో అదొక్కటే. అది కూడా ఆఫీసు ఫైలులో ఉంది. ఎనభై దాటినవాళ్లు స్టూడియోకు రాలేరు. వాళ్ల ఇళ్లలో ట్యూబులైటు, ఒక కిటికీ తప్ప వేరే వెలుగుండదు. ఫ్లాషు కొడితే శుక్లాలు తీయించుకున్న కళ్లు ఓర్చుకోలేవు. మేడ్చల్‌లో ఒక పెద్దమ్మ, మన సభ్యుడి సతీమణి, నేను సంచి విప్పగానే అన్నది: “ఆ బుగ్గ వెలిగించకు బిడ్డా, కండ్లు జిగేల్మంటున్నయి. గీ ఫొటో పెన్షన్ ఆఫీసుకా, ఇంట్లకా?” ఇంట్లకే అన్నాను. అయితే పట్టుచీర కట్టుకొస్తానని లోపలికి పోయి అరగంట తర్వాత వచ్చింది. కిటికీ పక్కన ఇద్దరినీ కూర్చోబెట్టి ఫ్లాషు లేకుండా తీశాను. ఆయన అప్పటికే సరిగ్గా మాట్లాడలేని స్థితి. సంక్రాంతి లోపలే పోయారు. గోడమీద ఆ ఫొటోకే దండ వేశారు. పాత కెమెరాతో ఆ గదిలో ఆ ఫొటో అంత నున్నగా వచ్చేది కాదు, ఇది మటుకు గట్టిగా చెప్పగలను.

ఇంకొక పని కూడా ఈ కెమెరాతో పెట్టుకున్నాను. మేడ్చల్ మీటరుగేజి రైలు, బొల్లారం సంతలు, శామీర్‌పేట అలుగు పారిన రోజులు, ద్రాక్షతోటలు: వీటి ఫొటోలు ఏదో ఒక ట్రంకుపెట్టెలో ఉండే ఉంటాయి. 2016లో మనది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది, 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. వెనకటి ఊరు ఎలా ఉండేదో చూపించమంటే మనవలకు చూపించడానికి ఏమీ లేదు. కనుక మీ ఇళ్లలోని పాత ఫుల్ ప్లేటు బొమ్మలు, 120 నెగెటివులు పారేయకండి. తుడవకండి, అంచులు పట్టుకుని మాత్రమే తీయండి, కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్కులో వద్దు. వెనకాల ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాసి నెలవారీ సమావేశానికి తెండి. అక్కడే, కిటికీ దగ్గర బల్లమీద, నకలు తీసి మీది మీకు ఇచ్చేస్తాను.