చింతచెట్టు కింద పోడు హద్దు

పాచిపెంట వెనక మిగిలిపోయింది. తారురోడ్డు అయిపోయి ఎర్రమట్టి బాట మొదలైంది. బాట పక్కన జీడిమామిడి తోటలు, ఆ పైన వాలు మీద చోళ్ళు, సామలు పండే పోడు. ఊళ్లోకి అడుగుపెట్టేసరికి చింతచెట్టు కింద జనం కూర్చుని ఉన్నారు. చంటిపిల్లలతో ఆడవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. మధ్యలో రిజిస్టరు. పోడు హద్దులు తేల్చే గ్రామసభ జరుగుతోంది. జరిగి చాప మీద చోటిస్తారు, మీరూ కూర్చోండి.

"అదిగో, ఆ రాతికట్టు మా తాత కట్టినాడు బాబూ," వాలుకేసి చెయ్యి చాపాడు ఒక పెద్దాయన. "నా సిన్నప్పుడు అక్కడే కందులు ఏరినాను."

"ఫోన్లో అంతా చెట్లే కనపడతన్నాయి తాతా," అన్నాడు కుర్రాడు, ఉపగ్రహ చిత్రం చూపిస్తూ.

ఏది నమ్మాలి? అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. దాని నియమాల ప్రకారం పెద్దలు చెప్పింది రాసుకుంటే అది సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రం దానికి తోడుగా ఉండొచ్చు గానీ దాని చోటు తీసుకోకూడదు. మనిషి తెలుసుకునేదంతా అనుభవంతోనే మొదలవుతుందని పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లండులో జాన్ లాక్ వాదించాడు. ఆ అనుభవానికి ఇక్కడ విలువ కట్టారు. పెద్దాయన మాట రిజిస్టరుకెక్కుతోంది.

ఐరోపా ఆలోచనలన్నీ ఈ కొండకు ఒకేసారి రాలేదు. ముందొచ్చింది ఆస్తి. సంపదకు మూలం నేల, దానికి స్థిరమైన యజమాని ఉంటేనే సాగు పెరుగుతుందని ఫ్రాన్సులో ఫిజియోక్రాట్లు అనేవాళ్లు. ఆ వాదం తలకెక్కిన ఫిలిప్ ఫ్రాన్సిస్ 1776లో బెంగాలు శిస్తుకు ఒక ప్రణాళిక రాశాడు. 1793లో కార్న్‌వాలిస్ అక్కడ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. మద్రాసులో 1802 నాటి 25వ రెగ్యులేషన్ నేల మీద యాజమాన్యాన్ని జమీందార్లకు కట్టబెట్టింది. పాచిపెంట కూడా అప్పట్లో జమీందారీయే. చెట్టు నరికి, పొద కాల్చి, గింజ చల్లినవాడికి ఆ యాజమాన్యంలో వాటా లేదు.

ఇక రెండో ఆలోచన. అధికారమంతా ఒక్క చేతిలో ఉంటే స్వేచ్ఛ బతకదని మాంటెస్క్యూ 1748లోనే రాశాడు. చట్టం చేసేవాడు, అమలుచేసేవాడు, తీర్పు చెప్పేవాడు వేరువేరుగా ఉండాలన్నాడు. మరి 1839లో 24వ చట్టం విశాఖ, గంజాం కొండల్లో ఏం చేసింది? మామూలు కోర్టులను, రెగ్యులేషన్లను పక్కకు నెట్టింది. శిస్తు, శాంతిభద్రతలు, న్యాయం, అన్నీ గవర్నరు ఏజెంటు పేరుతో కలెక్టరు చేతిలోనే పెట్టింది. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టంలో పాచిపెంట కొండల పేరు కూడా ఉంది. మామూలు చట్టాలకు తగ్గ తాహతు కొండవాళ్లకు ఇంకా లేదన్నది దొరల సాకు. నాకది ఈనాటికీ మింగుడుపడదు. ఆస్తి హక్కును వెంటనే కొండ మీదికి తెచ్చినవాళ్లు, అధికారానికి పగ్గం వేసే ఆలోచనను మాత్రం ఘాటు కిందే ఆపేశారు.

ఆ రెండోది పైకి రావడానికి 1996 దాకా పట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం ఆ ఏడాది వచ్చిన పీసా చట్టం, తన ఆచారం ప్రకారం తన పనులు చూసుకునే చిన్న ఊరికి కూడా సొంత గ్రామసభ ఉండొచ్చంది. ఓక్ చెట్టు కింద కూర్చుని రైతులు రాజ్య వ్యవహారాలు చక్కబెట్టుకోవడాన్ని 1762లో రూసో మెచ్చుకున్నాడు. ఆయన చూడాల్సింది ఈ చింతచెట్టు కిందే. ఇక్కడ ఆడవాళ్లు కూడా మాట్లాడుతున్నారు. రూసో వాళ్లకు ఆ చోటివ్వలేదు.

తీర్మానం చదవడం అయింది. వేలిముద్రకు సిరా డబ్బా వరస వెంట వస్తోంది. మీ పక్కనున్న ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"తూరుపు హద్దు సదవలేదు," అంది. "గెడ్డ దాకా మాదే. అది రాయండి, అప్పుడు ఏస్తాను."

రాసేవాడు కలం మూత మళ్ళీ తీశాడు.