ఎం.ఆర్.పి. కథ: తగ్గింపు ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నాం?

ఈ ఎపిసోడ్ ఒక కుక్కర్ డబ్బాతో మొదలుపెడదాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఎం.ఆర్.పి. 4,999 రూపాయలు, అన్ని పన్నులూ కలిపి. పోయిన పండగ సేల్‌లో ఆన్‌లైన్‌లో నేను కొన్నది 1,749కి. అంటే అరవై అయిదు శాతం తగ్గింపు. అమ్మ సంబరపడింది. నాన్న డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎవడైనా ఎప్పుడైనా అయిదు వేలకి కొన్నాడంట్రా?" అన్నారు.

ఆ ప్రశ్న ఆయన అడగడానికి కారణం ఉంది. నాన్నది ఖమ్మం దగ్గర కిరాణా కొట్టు. 1986లో పెట్టారు, 2019లో మూసేశారు. చివరి రెండు మూడేళ్లూ కొట్టుకొచ్చిన వాళ్లు ఫోన్ తీసి చూపించడమే. "అన్నా, ఇందులో ఇంతకే వస్తోంది, నువ్వేంటి ఎం.ఆర్.పి. అంటావు?" బయటివాళ్ల సంగతి సరే, అప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నేను కూడా ఫోన్‌లో అదే మాట అన్నాను. "నువ్వూ కొంచెం తగ్గించొచ్చుగా నాన్నా" అని. ఆయన ఏమీ అనలేదు. సబ్బుల మీద ఆయనకి మిగిలేది నూటికి ఎనిమిదో తొమ్మిదో. ఆ లెక్క నేను కొట్టు మూశాక, ఆయన పాత చిట్టాలు తిరగేస్తేగానీ తెలియలేదు.

సరే, అసలు ఈ ఎం.ఆర్.పి. ఎక్కడి నుంచి వచ్చింది?

మనకి పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టే అనిపిస్తుంది కానీ, దాని వయసు నా కంటే ఆరేళ్లే ఎక్కువ. అంతకు ముందు సంగతి చూడండి. మన తాతల కాలంలో సరుకు విడిగా వచ్చేది. సేరు, వీశె, మణుగు లెక్కన తూచేవారు, ఊరికో రకం. 1956లో తూనికలు కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా కిలోలు, లీటర్లు తెచ్చారు. అప్పటికీ ధర మాత్రం కొట్టువాడి నోట్లోనే ఉండేది. తర్వాత ప్యాకెట్లు పెరిగాయి. ప్యాకెట్‌తో చిక్కేంటంటే, లోపల ఎంతుందో కొనేవాడు తూచి చూడలేడు. అందుకే 1977లో ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్ వచ్చాయి. ఎవరు తయారుచేశారు, బరువెంత, ధరెంత, అన్నీ ప్యాకెట్ మీద వేయాలన్నారు.

కానీ అందులో ఒక సందు మిగిలిపోయింది. కంపెనీలు ధర వేసి, పక్కనే "స్థానిక పన్నులు అదనం" అని వేసుకోవచ్చు. ఇప్పుడు మీరు కొట్టుకి వెళ్లారనుకోండి. పన్ను ఎంతో మీకు తెలియదు. కొట్టువాడు రూపాయి అంటే రూపాయి, రూపాయిన్నర అంటే రూపాయిన్నర. అది సర్కారుకి వెళ్తుందో గల్లాపెట్టెలోకి వెళ్తుందో ఆయనకే తెలియాలి. "నువ్వూ అలా చేశావా నాన్నా?" అని అడిగితే నవ్వి, "అప్పుడు అందరం చేశాం" అన్నారు. ఈ ముక్క వీడియోలో ఉంచొద్దన్నారు. ఉంచేశాను, సారీ నాన్నా.

1990లో ఆ సందు మూసేశారు. రూల్స్ సవరించి, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర వేయాల్సిందే అన్నారు. ఇక్కడ గరిష్ఠ అన్న మాట గమనించండి. అంతకంటే ఎక్కువకి అమ్మకూడదని అర్థం. అంతకే అమ్మాలని కాదు. కానీ జనం దాన్ని అసలు ధర అనుకోవడం మొదలుపెట్టారు. బేరం పోయింది. అంకె చూడటం, డబ్బులివ్వడం, అంతే. బట్టల కొట్టులో గంటసేపు బేరమాడే మా అమ్మ, టూత్‌పేస్ట్ దగ్గర నోరెత్తదు.

తర్వాతి భాగం నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. ఆ అంకెని వేసేది ప్రభుత్వం కాదు, కంపెనీయే. మరి ఇష్టమొచ్చినంత వేసుకోకుండా ఏది ఆపింది? ఒకటి పోటీ. ఇంకొకటి, చాలా మందికి తెలియనిది, ఎక్సైజ్ సుంకం. 1997లో ఎక్సైజ్ చట్టంలో 4ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, నోటిఫై చేసిన వస్తువులకి సుంకాన్ని ఫ్యాక్టరీ ధర మీద కాకుండా, ఎం.ఆర్.పి.లోంచి కొంత శాతం తీసేసి మిగతా దాని మీద లెక్కకట్టేవారు. అంటే ఆ వస్తువుల మీద ఊరికే పెద్ద అంకె వేస్తే, కంపెనీ కట్టాల్సిన పన్ను కూడా పెరుగుతుంది. అబద్ధానికి ఖర్చు ఉండేదన్నమాట.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఇందులో పన్ను మామూలుగా నిజంగా అమ్మిన ధర మీదే. 1,749కి అమ్మితే దాని మీదే పన్ను. డబ్బా మీద 4,999 వేసినా, 9,999 వేసినా పన్నులో తేడా రాదు. జీఎస్టీ వల్లే దొంగ తగ్గింపులు పుట్టాయని నేననడం లేదు, అంతకు ముందూ ఉన్నాయి. కాకపోతే ఉన్న ఒక కళ్లెం ఊడింది.

ఈలోపు ఆన్‌లైన్ కూడా పెరిగింది. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాలు అమ్ముతూ మొదలైంది. దాని తొలి ఆర్డర్ మన మహబూబ్‌నగర్ నుంచి వెళ్లింది, తెలుసా? 2014 అక్టోబరు 6న మొదటి బిగ్ బిలియన్ డే పెట్టారు. సైట్ మొరాయించింది, సరుకు నిమిషాల్లో అయిపోయింది, ధరల మీద ఫిర్యాదులొచ్చాయి, మర్నాడు వ్యవస్థాపకులు క్షమాపణ మెయిల్ పంపారు. అయినా జనం ఆగలేదు. కొట్టేసిన అంకె, పక్కన ఎర్రగా శాతం, అది చూస్తే చేతులాగవు. ఇంజనీరింగ్ చదివిన నావే ఆగలేదు.

అంటే, కొట్టువాడు ఎక్కువ గుంజకూడదని పెట్టిన పైకప్పు ఇప్పుడు నేల అయింది. అక్కడి నుంచి కిందికి ఎంత దిగితే అంత లాభమని లెక్క. నాన్న కొట్టులో పది రూపాయల సబ్బు పదికే అమ్మితే ఆయన పిసినారి. అయిదు వేలు వేసి పదిహేడు వందలకిచ్చినవాడు దాత.

మరి ఏం చూసి కొనాలి? ఒక మంచి అంకె ఉంది, ఎవరూ చూడరు. 2021లో రూల్స్ మార్చారు. టీ, బిస్కెట్లు, నూనె లాంటివి ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న షెడ్యూల్ తీసేసి, దాని బదులు యూనిట్ ధర వేయమన్నారు. కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాముకి ఎంత, కిలో దాటితే కిలోకి ఎంత. ఎం.ఆర్.పి. పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోయిన వారం సూపర్ మార్కెట్‌లో "ఫ్యామిలీ ప్యాక్" అని పెద్దగా రాసున్న బిస్కెట్లు చూశాను. గ్రాము లెక్కన పక్కనున్న చిన్న ప్యాకెట్టే చవక. కుక్కర్‌కి గ్రాముల లెక్క పనిచేయదు కాబట్టి, దానికి వేరే పద్ధతి. అదే మోడల్ రెండు మూడు చోట్ల ఎంతకి దొరుకుతోందో చూడండి, సేల్‌కి నెల ముందు ధర స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. కొట్టేసిన అంకెని మాత్రం చేత్తో మూసేసి చూడండి. నాది అలా చూస్తే, మా వీధి చివర స్టీలు సామాన్ల కొట్టులో అదే కుక్కర్ 1,800. నాకు మిగిలింది యాభై ఒక్క రూపాయి.

ఆ కొట్టాయన అయితే హ్యాండిల్ ఊడితే బిగించి ఇస్తాడు కూడా. నాన్న ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు.

మీ ఇంట్లో అటకమీద 1990కి ముందు టిన్నులు, డబ్బాలు ఏవైనా ఉంటే, ధర రాసిన వైపు ఫోటో తీసి పంపండి. "స్థానిక పన్నులు అదనం" అని ఉన్నది ఒక్కటైనా నాన్నకి చూపించాలి. వచ్చేవారం షాంపూ సాషేల కథతో కలుద్దాం.