మాటల పొట్లములకు కాపలా

బ్రతుకుతెరువుకై గల్ఫు దేశమునకు వెళ్లిన కామారెడ్డి జిల్లా కార్మికుడొకడు ఇంటర్నెట్ మార్గమున పిట్లములోని ఇంటి ఫోనుకు మాటలాడుచున్నాడనుకొందము. నడుమ మాట తెగి, "వినబడుతున్నదా?" అని మరల మరల అడుగవలసి వచ్చుట కద్దు. అతని మాట తీగపై ఏకధారగా రాదు; చిన్నచిన్న పొట్లములై వచ్చును. వాటిని విప్పి మామూలు టెలిఫోను మార్గములోనికి పంపు యంత్రమే గేట్‌వే. తప్పు ఎచ్చట జరిగినదో తెలియవలెనన్న అచ్చటనే కాపు కాయవలెను.

1974లో అమెరికాలోని అర్పానెట్‌పై డానీ కోహెన్ మొదలగువారు మాటను ఇట్లు పొట్లములుగా పంపి చూచిరి. ఉత్తరము ఒక గడియ ఆలస్యమైనను చదువుకొనవచ్చును. మాట అట్లు కాదు. వేళ మించి వచ్చిన పొట్లము రానిదానితో సమానమే.

సాధారణముగా సెకనుకు 50 పొట్లములు పోవును. ఒక్కొక్కదానిలో మాట 160 బైట్లు, పైకట్టు 40 బైట్లు. సరుకు బరువులో నాలుగవ వంతు కాగితమునకే పోయినదన్నమాట!

1988లో వాన్ జాకబ్‌సన్ మొదలగువారు బర్క్‌లీ ప్రయోగశాలలో టీసీపీడంప్ అను సాధనమును వ్రాసి, తీగపై పోవు పొట్లములను కంటికి చూపిరి. కాని ఎన్ని వచ్చినవో లెక్కించిన చాలదు. నూటికి నూరు వచ్చియు, గుంపులు గుంపులుగా వచ్చినచో మాట చెడును. 1996లో వెలువడిన ఆర్‌టీపీ నియమావళి ఈ చిక్కును తీర్చినది. ప్రతి పొట్లముపై వరుస సంఖ్యయు, కాలముద్రయు ఉండును. సంఖ్య తప్పినచో నష్టము. కాలముద్రతో రాక వేళను పోల్చినచో ఒడిదుడుకు, అనగా జిట్టర్. క్రొత్తగా కనబడిన తేడాలో పదునారవ వంతునే లెక్కకు చేర్చుదురు. పాత రూపాయిలో అణా వంతు! అందుచే ఒక్క కుదుపునకు లెక్క తలక్రిందులు కాదు.

గేట్‌వే పొట్లములను కొంతసేపు నిలిపి, వరుసగా విడిచి ఈ ఒడిదుడుకును సర్దును. ఎక్కువసేపు నిలుపరాదు. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకన్లు మించకుండుట మేలు.

మన దేశమున 2002 ఏప్రిల్ 1 నుండి ఇంటర్నెట్ టెలిఫోనుకు పరిమితముగా అనుమతి లభించినది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ వెలువరించిన ఎథీరియల్, 2006 నుండి వైర్‌షార్క్, పట్టిన పొట్లములను తిరిగి కూర్చి మాటగా వినిపింపగల స్థితికి వచ్చినది. రోగమును చూచు కన్నే చాటున వినెడి చెవియు అయినది.

2004లోని ఎస్‌ఆర్‌టీపీ దీనికి చక్కని ఉపాయము చేసినది. లోపలి మాట గూఢలిపిలో పోవును. పైనున్న సంఖ్య, కాలముద్ర బయలుగనే ఉండును. కావలివాడు వినకయే కొలువగలడు. అయితే మామూలు టెలిఫోనులోనికి పంపవలెనన్న గేట్‌వే ఆ గూఢలిపిని విప్పక తప్పదు. కనుక పిట్లమునకు పోవు మాట అచ్చట మాత్రము బట్టబయలే.