చిత్రకళా విద్య – జీవనోపాధి: మదరాసు కళాశాల చరిత్ర చెప్పే సంగతులు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు చిత్రకళను గూర్చి ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చినది మా డ్రాయింగు మాస్టారి గది. బల్లమీద ఒక కూజా, ఒక చెక్క పెట్టె, ప్రక్కన ఒక పుస్తకం పెట్టి, సగం పీరియడు మమ్మల్ని ఊరకే చూడమనేవారు. పెన్సిలు ముట్టనిచ్చేవారు కారు. ప్రభుత్వ సాంకేతిక పరీక్షలలో డ్రాయింగు లోయరు, ఆపైన హయ్యరు ప్యాసయితే, ఉపాధ్యాయ శిక్షణ పొంది ఏదో ఒక బడిలో డ్రాయింగు మాస్టరుగా చేరవచ్చునన్నది నాటి విద్యార్థులకు తెలిసిన ఏకైక మార్గం. అంతకు మించి బొమ్మలు వేసేవాడు ఎట్లా బ్రదుకుతాడో మా తల్లిదండ్రులకు తెలియదు. నిజం చెప్పవలసివస్తే మా మాస్టారికీ తెలియదు. నేను కళాశాలలో చేరతానన్నప్పుడు మా నాన్నగారు అడిగినది ఒకే మాట: "ఆ చదువు కూడు పెడుతుందా?"

ఆ ప్రశ్న మా నాన్నగారితో పుట్టినది కాదు. ఇదే చెన్నపట్టణంలో, పూనమల్లి హైరోడ్డు మీదనున్న కళాశాల 1850 నుండి ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూనే ఉన్నది. తరానికొక సమాధానం దొరికింది. దానిని స్థూలంగా చెప్పుకుంటే, నేడు తమ పిల్లలను కళాశాలకు పంపదలచిన తల్లిదండ్రులకు కొంత ఉపకరిస్తుందని నా ఆశ.

అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో సొంత పూనికతో ఇక్కడ ఒక కళాపాఠశాలను, మరుసటి సంవత్సరం ఒక పారిశ్రామిక పాఠశాలను స్థాపించాడు. 1855లో ప్రభుత్వం వాటిని తన ఆధీనంలోనికి తీసుకున్నది. చిత్రలేఖనంతోపాటు కుండల పని, చెక్కడపు పని వంటివి అక్కడ నేర్పేవారు. 1884లో సూపరింటెండెంటుగా వచ్చిన ఈ.బి. హావెల్ ఈ దేశపు చేతిపనులమీద మక్కువ పెంచుకున్నాడు. ఆయన తరువాత ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో ఆ పాఠశాల కార్ఖానాలోనే అల్యూమినియం పాత్రల తయారీ ఆరంభించాడు. ఆ పని 1900లో ఇండియన్ అల్యూమినియం కంపెనీగా రూపు దాల్చింది. మన వంటింటి సత్తు గిన్నెకు ఒక కళాపాఠశాలతో బాంధవ్యమున్నదంటే నమ్మబుద్ధి కాదు గాని, సంగతి అదే.

ఆ కాలంలో "చదివి ఏమి చేస్తావు?" అన్న ప్రశ్నకు పెద్దగా చోటు లేదు. పాఠశాల ఉన్నదే పనివారిని తయారు చేయడానికి. వచ్చిన చిక్కు మరొకటి. పనివాడు తన పనిమీద తన పేరు పెట్టుకోలేదు. అది ఎవరి చేతి పని అని అడిగే ఆచారమూ లేదు.

1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారు ఆ పాఠశాలకు తొలి భారతీయ అధిపతి అయ్యారు. పాఠశాల మొగ్గు చేతిపనుల నుండి చిత్రకళ, శిల్పకళల వైపు తిరిగింది. చౌదరిగారు మహాశిల్పి. 1959లో మెరీనా తీరాన నెలకొన్న శ్రామిక విజయ శిల్పం ఆయనదే. నలుగురు మనుష్యులు ఒక బండను కదలించే ఆ దృశ్యాన్ని చూడని చెన్నపట్టణవాసి ఉండడు. ఆయనకు పెద్దల విగ్రహాలు చేసిపెట్టమని పిలుపులు వచ్చేవి. కాని ఆయన శిష్యులందరికీ అటువంటి పిలుపులు ఎక్కడివి? చిత్రాన్ని చిత్రంగా కొనే ఇళ్లు ఊరిలో మిక్కిలి తక్కువ. విద్యార్థి కళాకారుడుగా బయటికి వచ్చాడు. కళాకారుడికి అవసరమైన బజారు మాత్రం ఊరిలో లేదు.

అప్పుడు ఆదుకున్నవి అచ్చుయంత్రమూ, సినిమాయూ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను ప్రారంభించారు. చౌదరిగారి కాలంలో ఆ కళాశాలలో చదివిన కె.సి. శివశంకరన్ గారు 1952లో చందమామలో చేరి, శంకర్ అన్న సంతకంతో దేశమంతటికీ పరిచితులయ్యారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయన కుంచెదే. 2020లో తొంభయ్యారేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. చందమామ అంతకు కొన్ని సంవత్సరాల ముందే ఆగిపోయింది. నెలనెలా వచ్చే పత్రికకు బొమ్మ వేయడమంటే ఏమిటో పాఠకులు ఆలోచించి ఉండరు. కథ చేతికి వచ్చిన తరువాత ఏ ఘట్టాన్ని పట్టుకోవాలో తేల్చుకోవాలి. రాజు కిరీటం మొదటి పుటలో ఎట్లా ఉన్నదో చివరి పుటలోనూ అట్లాగే ఉండాలి. మనసు బాగున్నా బాగులేకున్నా గడువునాటికి బొమ్మ ప్రెస్సుకు చేరాలి. ఈ క్రమశిక్షణ తరగతిగదిలో అబ్బేది కాదు. అదే పత్రికకు ముఖచిత్రాలు వేసిన మన వడ్డాది పాపయ్యగారు ఏ కళాశాలలోనూ చదువలేదు; తండ్రిగారి దగ్గర నేర్చుకున్నారు. కనుక ఉద్యోగానికి పట్టా ఒక్కటే ప్రమాణం కాదన్నది ఆనాడే తేలిన సంగతి.

సినిమా మాట. 1957 నాటి మాయాబజార్‌కు మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. కళాదర్శకుడు తోట వెంకటేశ్వరరావుగారి కుమారుడు తోట తరణిగారు ఇదే కళాశాలలో చదివి, 1987లో వచ్చిన నాయకన్‌కు జాతీయ పురస్కారం పొందారు. సెట్టు గీసేవాడికి చిత్రలేఖనం వస్తే చాలదు. వడ్రంగికి కొలత ఇవ్వగలగాలి, ఖర్చు అంచనా వేయగలగాలి, కెమెరా ఎక్కడ నిలుస్తుందో ఎరిగి ఉండాలి. మౌంటురోడ్డు మీద ఆకాశమంత ఎత్తు బ్యానర్లు వ్రాసిన చిత్రకారులను గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న ఫోటోమీద గళ్లు గీసి, అవే గళ్లను పెద్ద గుడ్డమీద గీసి, ఒక్కొక్క గడిని పెంచుకుంటూ ముఖం పోలిక తప్పకుండా దింపేవారు. వారిలో చాలామంది కళాశాల మెట్లెక్కినవారు కారు. ఫ్లెక్సు ముద్రణ వచ్చిన కొద్ది సంవత్సరాలలోనే ఆ వృత్తి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఒకే గిరాకీని నమ్ముకున్న చేతికి వచ్చే ఆపద అటువంటిది.

ఈ ఆపదను ముందుగానే గుర్తించినవారు కె.సి.ఎస్. పణిక్కర్ గారు. కుటుంబభారం మీదపడి తంతి శాఖలో ఉద్యోగం చేసి, ఇరవై అయిదేళ్ల వయసులో, 1936లో, విద్యార్థిగా చేరిన వ్యక్తి ఆయన. 1957 నుండి పది సంవత్సరాలు అదే సంస్థకు అధిపతి. ఆకలి తెలిసినవాడు గనుక ఆయన శిష్యులకు చెప్పిన ఉపాయం కూడా అనుభవం నుండి పుట్టినదే. చేతిపనులు చేసి తిండి సంపాదించుకోండి, మిగిలిన సమయంలో ఎవరి మెప్పూ కోరకుండా మీ చిత్రాలు మీరు వేసుకోండి అన్నది దాని సారాంశం. యువ కళాకారులు కలిసి బాతిక్ వస్త్రాలు తయారుచేసి అమ్మారు. ఆ సొమ్ముతో ఇంజంబాక్కంలో, సముద్రపు ఒడ్డున, సుమారు పది ఎకరాల నేల కొన్నారు. 1966లో చోళమండల కళాకారుల గ్రామం అట్లా వెలిసింది. హంటర్ దొర నాటి చేతిపని ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. ఈసారి చేసినవాడి పేరుతో వచ్చింది. ఈ చరిత్ర అంతటిలోనూ నాకు మిక్కిలి విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. చోళమండలం నేటికీ ఉన్నది. మన పిల్లలను మహాబలిపురం విహారయాత్రకు తీసుకుపోయే బస్సు దాని ముందునుండే పోతుంది. ఆపడం మాత్రం అరుదు.

ఆంధ్రదేశం నుండి వచ్చిన ఎం. రెడ్డెప్పనాయుడుగారు ఎంచుకున్న దారి మరొకటి. ఆయన చెన్నపట్టణంలోని నేతవారి సేవాకేంద్రంలో ఉద్యోగం చేశారు. చేనేతకు కొత్త నమూనాలు సమకూర్చే ఆ కేంద్రాలు 1950ల దశకంలో ఏర్పడినవి. ఉద్యోగం చేస్తూనే ఆయన సంగీత విద్వాంసులను, దేవతామూర్తులను చిత్రించి పేరు తెచ్చుకున్నారు.

నేను 1968లో కళాశాలలో చేరేనాటికి పణిక్కర్ గారు పదవీ విరమణ చేసి ఏడాది అయినది. రంగు కలపడం, మట్టి పిసకడం, మనిషి ఎముకల అమరిక, అన్నీ శ్రద్ధగా నేర్పారు. నా పనికి వెల ఎట్లా కట్టాలో మాత్రం నేర్పలేదు. చదువు ముగిసిన ఏడే ఒక ముద్రణాలయంవారు క్యాలెండరుకు సీతాకల్యాణం వేసిపెట్టమన్నారు. నోటి మాటమీద ఒప్పుకున్నాను, నూటయాభై రూపాయలు పుచ్చుకున్నాను. అచ్చయి వచ్చినప్పుడు చూస్తే నా సంతకమున్న మూల కత్తిరించబడి ఉన్నది. ఆ చిత్రమే మరి రెండు సంవత్సరాలు వేరువేరు కొట్ల క్యాలెండర్లమీద కనిపించింది. అడుగుదామని పోతే, డబ్బు తీసుకున్నావు కదా అన్నారు.

వారు చెప్పినది సగం నిజమని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేనట్లయితే, హక్కుదారు వేయించుకున్నవారే. కాని అదే చట్టంలోని 57వ సెక్షను, హక్కులు అమ్ముకున్న తరువాత కూడా, ఇది నా కృతి అని చెప్పుకునే అధికారాన్ని కళాకారుడికి మిగిల్చింది. ఢిల్లీ విజ్ఞాన భవనంలోని తన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పాడుచేసినందుకు అమర్‌నాథ్ సెహగల్ గారు న్యాయస్థానానికి వెళ్లి, 2005లో గెలిచినది ఈ సెక్షను బలంతోనే. శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇచ్చి, అయిదు లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసిందిగా హైకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఒక కాగితమ్ముక్కమీద నాలుగు వాక్యాలు వ్రాసుకొని ఉంటే నా క్యాలెండరు కథ మరొక విధంగా ఉండేది. బొమ్మ ఎంత పరిమాణం, ఎన్నిమారులు అచ్చువేయవచ్చు, మూలచిత్రం ఎవరి దగ్గర ఉంటుంది, సంతకం ఎక్కడ ఉంటుంది. ఇవే ఆ నాలుగు. నేటి పిల్లలు కంప్యూటరు మీద గీస్తున్నారు, యానిమేషను అంటున్నారు; పనిముట్టు మారినా వారికీ ఈ నాలుగూ అవసరమే. నేను ఇన్నేళ్లుగా వాడిన ఒప్పందపు నమూనాను తెలుగులో వ్రాసి, రసీదు ప్రతితోపాటు మన పాఠశాల గ్రంథాలయానికి ఇచ్చాను. పదవ తరగతి తరువాత కళాశాలకు పోదలచిన విద్యార్థులుంటే, వారు వేసిన బొమ్మలలో మంచివి పది ఏరి తీసుకొని తల్లిదండ్రులతో కలిసి రావచ్చు. శనివారం సాయంత్రాలు నేను పాత డ్రాయింగు గదిలోనే ఉంటాను.